అవసరం పడకముందే వెతకండి: మేధో వైకల్యం ఉన్నవారికి మంచి తాత్కాలిక సంరక్షణను ఎలా ఎంచుకోవాలి

మేధో వైకల్యం ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునే తల్లికి ఆదివారం అంటూ ఉండదు. తనకు జ్వరం వచ్చినా, దగ్గరి చుట్టాల ఇంట్లో పెళ్ళి జరిగినా, చావు జరిగినా, ఆ బిడ్డకు స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి, రాత్రి రెండు మూడుసార్లు లేచి చూడాలి. ఆ మనిషిని కొన్ని గంటలో కొన్ని రోజులో మరొకరు నమ్మకంగా చూసుకుని తిరిగి ఇంటికి అప్పగించే ఏర్పాటును తాత్కాలిక సంరక్షణ అంటారు. కేంద్రాలవాళ్ళు దీన్ని రెస్పైట్ కేర్ అని పిలుస్తారు. ఇది హాస్టల్ కాదు, బిడ్డను వదిలించుకోవడం అసలే కాదు. చూసుకునేవాళ్ళు మంచాన పడకుండా ఉండడానికి ఇది అవసరం. ఇంటి గడప దాటి నలుగురిలో గడపడం ఆ బిడ్డకు కూడా అవసరమే.

నేను కర్నూలులో ఉంటాను. మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు. ఆదోనిలో అమ్మ దగ్గర ఉంటాడు. నాలుగేళ్ళ క్రితం అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, ఎవరినీ విచారించే వ్యవధి లేక, రెండు రోజుల్లో వాణ్ణి ఒక కేంద్రంలో చేర్చాం. కట్టడం కొత్తది, నేల అద్దంలా ఉంది, మాట్లాడినవాళ్ళు మర్యాదగా మాట్లాడారు. ఐదో రోజు తీసుకొచ్చినప్పుడు బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి సంచిలో సర్ది ఉన్నాయి. మందుల డబ్బా తెరిచి చూస్తే మాత్రం మూడో రోజు, నాలుగో రోజు రాత్రి గడుల్లో మాత్రలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆ రాత్రి వాడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. తర్వాత కనుక్కుంటే తెలిసింది ఏమిటంటే, పగటి సిబ్బంది ఏడు గంటలకల్లా వెళ్ళిపోయేవారట, రాత్రికి కాపలా మనిషి ఒక్కడే ఉండేవాడట. రాత్రి ఎవరుంటారని చేర్చే రోజున నేను అడగలేదు. అప్పటి నుంచి తెలుసుకున్నదంతా, మీరు అదే పొరపాటు చేయకూడదని, చేయవలసిన వరుసలో రాస్తున్నాను.

మొదటి పని: తొందర లేని రోజుల్లో వెతకడం మొదలుపెట్టండి

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాకో, ఇంట్లో ఎవరైనా పోయాకో వెతికితే దొరికిందాన్ని ఒప్పుకోవలసి వస్తుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు, ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలు, వెంట తీసుకుపోలేని బిడ్డను ముసలి అవ్వ దగ్గర వదిలి పోతాయి. నలభై కిలోల మనిషిని లేపి మరుగుదొడ్డికి తీసుకుపోయే శక్తి అవ్వకు ఉండదు. సుగ్గి ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు కనుక, అలాంటి కుటుంబాలు దసరా నాటికే వెతకడం మొదలుపెట్టాలి.

ఎక్కడ అడగాలన్నది తర్వాతి ప్రశ్న. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను, జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయాన్ని అడగండి. అనంతపురం వైపు ఉండేవారు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దివ్యాంగుల కోసం చేసే పనుల గురించి కూడా విచారించవచ్చు. మేధో వైకల్యం వంటివి ఉన్నవారి సంక్షేమం కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నమోదైన సంస్థలకు తాత్కాలిక నివాస సంరక్షణ కోసం 'సమర్థ్' అనే పథకం ఉంది. మీ జిల్లాలో ఆ చట్టం కింద నమోదైన సంస్థలు ఏవో కలెక్టరు కార్యాలయంలో అడగవచ్చు. వీళ్ళందరికంటే ఎక్కువగా, అప్పటికే బిడ్డను అక్కడ ఉంచి తీసుకొచ్చిన తల్లుల మాట నమ్మండి. వాళ్ళను "బాగుందా?" అని అడగకండి, "తిరిగి వచ్చిన రాత్రి ఎలా పడుకున్నాడు?" అని అడగండి.

అందుబాటులో కేంద్రమే లేకపోతే, మీలాంటి బిడ్డ ఉన్న మరొక కుటుంబంతో వంతులు వేసుకోవచ్చు, లేదా పరిచయమున్న ఒక మనిషికి రోజుకూలి ఇచ్చి మీ ఇంట్లోనే నేర్పించవచ్చు. కింద చెప్పేవన్నీ వాళ్ళకూ వర్తిస్తాయి.

రెండవ పని: కాగితాలు

ఇవి త్వరగా అయిపోతాయి. వైకల్యం శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ, ఆధార్, డాక్టరు చీటీలు అన్నీ ఒకే సంచిలో పెట్టి, నకళ్ళు తీసి ఉంచండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లేకపోతే, నమోదైన సంస్థ ద్వారా చేయించండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు అది పనికివస్తుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు దాటితే, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకుని నియామక పత్రం తీసుకోండి. పద్దెనిమిది దాటిన మనిషి తరఫున సంతకం పెట్టడానికి తల్లికైనా ఈ పత్రం అడిగే చోట్లున్నాయి. పింఛను సంగతి కూడా మరచిపోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు కనుక, వీలైతే ఆ రోజు బిడ్డ ఇంట్లో ఉండేలా తేదీలు ఎంచుకోండి.

మూడవ పని: మీ బిడ్డ గురించి ఒక నోటుపుస్తకం రాయండి

దీనికి ఒక వారం పట్టినా పట్టనివ్వండి. నాణ్యమైన సంరక్షణలో సగం బాధ్యత కేంద్రానిదైతే, మిగిలిన సగం మీరు వాళ్ళకు ఎంత తెలియజెప్పారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్నవారు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇలాంటి చిన్న పుస్తకాన్నే వెంట తీసుకువెళతారు, దాన్ని హాస్పిటల్ పాస్‌పోర్ట్ అంటారు. మనం వంద పేజీల లాంగ్‌నోటు వాడుకుంటే చాలు.

మొదటి పేజీలో జబ్బుల పేర్లు రాయకండి, మనిషిని రాయండి. మా తమ్ముడి పుస్తకం ఇలా మొదలవుతుంది: "దాహమైతే గొంతు మీద చెయ్యి పెడతాడు. మరుగుదొడ్డికి పోవాలంటే చొక్కా అంచు లాగుతాడు, అప్పుడు రెండు నిమిషాల్లో తీసుకుపోవాలి. మణికట్టు కొరుక్కుంటున్నాడంటే కోపం వచ్చిందని కాదు, కడుపులో నొప్పి ఉందని. దీపం ఆర్పితే లేచి కూర్చుంటాడు. ఎవరైనా గట్టిగా అరిస్తే వాడు కూడా అరుస్తాడు; నెమ్మదిగా పేరు పెట్టి పిలిస్తే ఆగుతాడు." నోటితో చెప్పుకోలేని మనిషి నొప్పిని చేతలతోనే చెబుతాడు. మలబద్ధకం, పంటి నొప్పి, చెవిపోటు వంటివి చాలాసార్లు అరుపులుగా, తల బాదుకోవడంగా కనిపిస్తాయి. తెలియని మనిషి వాటిని మొండితనం అనుకుని గదమాయిస్తాడు, ఇంకా తెలియని చోట నిద్రమాత్ర వేస్తారు. ఒక్క వాక్యం రాసి ఉంచితే ఆ రెండూ తప్పుతాయి.

తిండి గురించి వివరంగా రాయండి. మన వైపు సంగటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. మింగడంలో ఇబ్బంది ఉన్న బిడ్డకు ఆ ముద్దే గొంతుకు అడ్డం పడవచ్చు. ముద్ద ఎంత ఉండాలో, పప్పుతో ఎంత పలుచన చేయాలో, తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలో లేదో, తిన్న తర్వాత ఎంతసేపు పడుకోబెట్టకూడదో రాయండి. చెనిక్కాయ విత్తనాలు, బొరుగులు నోట్లో పోసుకునే అలవాటు ఉంటే, వాటిని అందుబాటులో ఉంచవద్దని రాయండి. తింటున్నప్పుడు దగ్గు, నీళ్ళు తాగితే గొంతులో గరగర, మాటిమాటికీ ఛాతీలో నెమ్ము ఉంటే, ఎక్కడికైనా పంపే ముందు డాక్టరుకు చూపించండి.

ఆడపిల్లలైతే బహిష్టు రోజుల లెక్క, ఏ గుడ్డ లేదా ప్యాడు వాడుతుందో, ఎవరి సాయం ఒప్పుకుంటుందో రాయండి. స్నానానికి, బట్టలు మార్చడానికి ఆడమనిషే ఉండాలన్నది మీరు బతిమాలుకోవలసిన విషయం కాదు, ఖచ్చితంగా పెట్టవలసిన షరతు.

చివరి పేజీలో ఇష్టమైనవి రాయండి. తుంగభద్ర నీళ్ళను గట్టున కూర్చుని చూడడం మా వాడికి ఇష్టం. ఆ మాట చదివిన ఒక ఆయమ్మ, తరువాతి కేంద్రంలో, రోజూ సాయంత్రం వాణ్ణి నీళ్ళ ట్యాంకు నిండే చోటికి తీసుకుపోయి కూర్చోబెట్టేది. కట్టడం పాతదే, గోడలకు సున్నం రాలుతోంది. అయినా మేము ఇప్పటికీ అక్కడికే పంపుతున్నాం.

నాలుగవ పని: కేంద్రాన్ని మీరే వెళ్ళి చూడండి, రాత్రి గురించి అడగండి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సంస్థ ఏదైనా నమోదు ధ్రువపత్రం పొందే నడవాలి. ఆ పత్రాన్ని చూపించమనండి, గడువు తేదీ చదవండి. ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు ఉన్నారని చెబితే, 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిలో వారి నమోదు సంఖ్య అడగండి. అడిగినందుకు నొచ్చుకునేవాళ్ళకంటే, అడగకముందే పత్రం బల్ల మీద పెట్టేవాళ్ళు నయం.

తర్వాత ఆఫీసు గదిలో నుంచి లేవండి. మరుగుదొడ్డి చూడండి: లోపల తడి ఉందా, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, తలుపు బయటి నుంచి కూడా తెరుచుకుంటుందా? వంటగదికి వెళ్ళి ఆ పూట ఏం వండారో చూడండి, అన్నం పెట్టే వేళ దాకా ఉండండి. తినిపించే మనిషి కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడి కుక్కుతున్నారా అన్నది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలుస్తున్నారా, లేక "ఏయ్, పిచ్చోడా" అంటున్నారా వినండి. మధ్యాహ్నం రెండు గంటలకు అందరూ మంచాల మీదే పడి ఉంటే, ఎందుకని అడగండి.

ఇక రాత్రి సంగతి. ఈ ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి అడగండి: రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఎంతమంది మెలకువగా ఉంటారు? వాళ్ళలో ఆడవాళ్ళెందరు? మందులు ఇచ్చే బాధ్యత ఎవరిది, ఇచ్చినట్టు సంతకం ఎక్కడ పెడతారు? గదికి బయటి నుంచి తాళం వేస్తారా? వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున బయటికి రాలేక 28 మంది చనిపోయారు. వాళ్ళు మానసిక రోగులు, మన పిల్లల పరిస్థితి వేరు. అయినా బయటి నుంచి వేసిన తాళం ఎవరినైనా ఒకేలా ఆపుతుంది. "పారిపోతారని కాలికి గుడ్డ కడతాం" అనే మాట వినబడితే, ఆ మాట ఎంత మెత్తగా చెప్పినా, అక్కడ చేర్చకండి.

వీలైతే రెండోసారి చెప్పకుండా వెళ్ళండి, చీకటి పడ్డాక వెళ్ళండి. తల్లిదండ్రులను ఏ వేళనైనా లోపలికి రానిస్తామని చెప్పలేని కేంద్రానికి నా ఉద్దేశంలో మిగిలిన మార్కులు వేయనక్కరలేదు.

ఐదవ పని: మందులు, ఫిట్స్, ఎండ

మాత్రలను విడిగా కవర్లో పోసి ఇవ్వకండి. అసలు పట్టీలతో, డాక్టరు చీటీతో ఇవ్వండి. వారం గడుల డబ్బా కూడా ఇవ్వండి. రెండు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టండి. సోడియం వాల్‌ప్రోయేట్ వంటి ఫిట్స్ మందులు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ తిరగబెట్టి ఆగకుండా రావచ్చని సిబ్బందికి నోటితో చెప్పండి, పుస్తకంలోనూ రాయండి.

ఫిట్స్ వస్తే ఏం చేస్తారని సిబ్బందిలో ఎవరినైనా అడగండి. చేతిలో తాళంచెవులు పెడతామంటే కోప్పడకుండా నేర్పండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది ఉంచాలి, నోట్లో చెంచా కానీ నీళ్ళు కానీ పెట్టకూడదు, కాళ్ళు చేతులు అదిమి పట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే మీ డాక్టరు రాసి ఉంటే, ఎప్పుడు ఎన్నిసార్లు కొట్టాలో రాయించి ఇవ్వండి.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పంపవలసి వస్తే ఎండ గురించి ప్రత్యేకంగా మాట్లాడండి. టోపిరమేట్ వంటి ఫిట్స్ మందు వాడేవారిలో కొందరికి చెమట తక్కువగా పడుతుంది, ఒళ్ళు త్వరగా కాలిపోతుంది. దాహమని అడగలేని మనిషికి గంట గంటకూ నీళ్ళు పట్టాలి. కరెంటు పోతే ఫ్యాను తిరిగే ఏర్పాటు ఉందో లేదో చూడండి.

ఆరవ పని: ఒక్క పూటతో మొదలుపెట్టండి

మొదటిసారి మీరు కూడా కూర్చుని రెండు గంటలు ఉండండి. రెండోసారి మీరు లేకుండా ఒక పూట ఉంచండి. ఆ తర్వాత ఒక రాత్రి, ఆ తర్వాతే మూడు నాలుగు రోజులు. వెళ్ళేముందు బిడ్డకు చెప్పండి. అర్థం కాదని మీరు అనుకున్నా చెప్పండి. సెల్‌ఫోనులో ఆ కేంద్రం గది, అక్కడి ఆయమ్మ ముఖం ఫోటోలు తీసి నాలుగు రోజులు ముందు నుంచి చూపించండి. క్యాలెండరులో తిరిగి వచ్చే రోజుకు గుర్తు పెట్టండి. రోజూ కప్పుకునే దుప్పటి పాతదైనా అదే పంపండి, ఉతకకుండా పంపండి. ఇంటి వాసన వాళ్ళను నిద్రపుచ్చుతుంది. చెప్పాపెట్టకుండా జారుకోవడం మాత్రం వద్దు. ఏడుస్తాడని కళ్ళు గప్పి వచ్చేస్తే, మరోసారి సంచి చూడగానే వాడు మిమ్మల్ని నమ్మడు.

ఆ ఖాళీ రోజుల్లో మీరు విశ్రాంతి తీసుకోండి. ఇప్పుడు పంపుతున్న కేంద్రానికి మొదటిసారి వాణ్ణి పంపిన రోజున మా అమ్మ పొయ్యి వెలిగించలేదు, వాడి కంచం ముందు కూర్చుని ఏడ్చింది. "మన సుఖానికి వాణ్ణి పంపినామే" అంది. ఆ బాధ చాలా ఇళ్ళలో ఉంటుంది, చుట్టుపక్కలవాళ్ళ మాటలు దాన్ని ఇంకా పెంచుతాయి. మీరు ఆరోగ్యంగా మరో ఇరవై ఏళ్ళు ఉండడం ఆ బిడ్డకు అన్నిటికంటే అవసరమని ఆ మాటలనేవాళ్ళకు చెప్పండి.

ఏడవ పని: ఉన్న రోజుల్లోనూ తిరిగి వచ్చాకా గమనించండి

రోజుకు ఒక వేళ పెట్టుకుని ఫోన్ చేయండి. "బాగున్నాడు" అనే జవాబుతో ఆగకండి. ఎన్ని ముద్దలు తిన్నాడు, విరేచనం అయిందా, రాత్రి ఎన్నిసార్లు లేచాడు అని అడగండి. చూసినవాళ్ళు వెంటనే చెప్పగలుగుతారు.

ఇంటికి వచ్చిన రోజు స్నానం మీరే చేయించండి. వీపు, తొడలు, చంకలు, మణికట్లు, చీలమండలు నెమ్మదిగా చూడండి. కమిలిన మచ్చలు, తాడు ఒరుసుకున్న గుర్తులు, పుండ్లు ఉంటే తేదీతో ఫోటో తీసి, అదే రోజు డాక్టరుకు చూపించి చీటీ రాయించుకోండి. మందుల గడులు లెక్కపెట్టండి. రెండు మూడు రోజులు మబ్బుగా, అతిగా నిద్రపోతుంటే, ఏ మందు వేశారో కేంద్రాన్ని రాతపూర్వకంగా అడగండి. కొత్తగా పక్క తడపడం, ఒక మనిషిని తలచుకుంటే వణకడం, బట్టలు విప్పనివ్వకపోవడం వంటివి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి.

చిన్న లోటైతే కేంద్రం నిర్వాహకులతో కూర్చుని మాట్లాడండి, సరిదిద్దుకునే అవకాశం ఇవ్వండి. కొట్టడం, కట్టివేయడం, లైంగిక వేధింపు అయితే మాట్లాడుకోవడాలు వద్దు. 112కి ఫోన్ చేయండి, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే 1098కి కూడా చేయవచ్చు. 2016 చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. 92వ సెక్షన్ కింద ఇలాంటి నేరాలకు ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. మాట్లాడలేని మనిషి సాక్ష్యం చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి, సైగలతో చెప్పిన సాక్ష్యాన్ని కూడా మన చట్టం ఒప్పుకుంటుంది.

అంతా బాగుంటే, తీసుకొచ్చే రోజునే తరువాతి తేదీ రాయించుకోండి. మూడు నెలలకొకసారి రెండు రాత్రులైనా సరే, వరుస తప్పకుండా వెళితే ఆ చోటు బిడ్డకు చుట్టాలిల్లు అవుతుంది, కొత్త భయం ఉండదు. పోయిన నెల మేము సంచి బయట పెట్టగానే మా తమ్ముడు తానే దుప్పటి తెచ్చి అందులో కుక్కి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.